పన్నెండు సెంటీమీటర్ల పచ్చగడ్డి

మెట్ట ప్రాంతాల నీటి లెక్కల్లో చాలావాటికి మూలవిరాట్టు ఒక గడ్డి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో ఖాయం చేసిన పెన్‌మన్–మాంటీత్ పద్ధతి ప్రకారం అది 12 సెంటీమీటర్ల ఎత్తుండాలి, నేలంతా కప్పేయాలి, దాహమన్నది ఎరగకూడదు. సిడ్నీ పడమటి శివారు స్కోఫీల్డ్స్‌లో మనవాళ్లు లాన్ కోయడం రెండు వారాలు ఎగ్గొడితే ఆ గడ్డి దర్శనమివ్వొచ్చు. అనంతపురం గుట్టల మీద మాత్రం మేకలు వెతికినా దొరకదు.

సూత్రానిది తప్పు కాదు. నీటికి కొదవ లేకపోతే ఆకాశం ఎంత తాగగలదో అది చెబుతుంది. అంటే ఆకలి ఎంతో చెబుతుంది, వడ్డన ఎంతో చెప్పదు. అనంతపురంలో ఏటా పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, ఆకాశం ఆకలి దానికి దాదాపు మూడింతలు. మన నివేదికల పండితులు ఆ ఆకలినే భోజనం ఖాతాలో రాసేస్తారు. పడ్డదానికి మూడింతలు ఆవిరైపోతే, మిగతా రెండింతలు ఎవరు అప్పిచ్చారో అనుబంధంలో ఉండదు.

ఇంకో ఘనమైన పద్ధతి ఉంది. వానలోంచి వాగులో పారింది, భూమిలో ఇంకింది తీసేసి, మిగిలిందంతా ఆవిరి అనడం. చెక్‌డ్యామ్ కారినా, రాత్రిళ్లు ఎవరి మోటారో తోడేసినా, పద్దు సూర్యుడి పేరే. ఆయన సంజాయిషీ ఇవ్వడు, కోర్టుకూ వెళ్లడు. ఇంతకంటే మంచి నిందితుడు ఏ శాఖకు దొరుకుతాడు?

ఇక స్కోఫీల్డ్స్‌లో ల్యాప్‌టాప్ తెరిచి సొంతూరి చెరువు లెక్క తేల్చే అన్నగార్లు. ఉపగ్రహం ఉండగా ఊరికెళ్లడం దేనికి? అయితే ఉపగ్రహం ఆవిరిని చూడదు, నేల వేడినీ పచ్చదనాన్నీ చూసి అంచనా కడుతుంది. ఉచితంగా దొరికే మోడిస్ పటంలో ఒక్కో గడి 500 మీటర్లు, అంటే అరవై ఎకరాల పైమాట. వేరుశనగ చేను, చెరువు, బస్టాండు అన్నీ ఆ ఒక్క గడిలోనే. అన్నగారి జవాబు మాత్రం దశాంశం తర్వాత రెండంకెల దాకా వస్తుంది. 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌లో ఒక్క మిల్లీమీటరు తేడా అంటే 50 లక్షల లీటర్లు, వెయ్యి ట్యాంకర్ల నీళ్లు. ఆ దశాంశాలు ఏ బిందె నింపుతాయి?

అంచనాలు వద్దని కాదు. 2000 దశకంలో, భూగర్భజలాన్ని రైతులే నిర్వహించుకునే ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ ప్రాజెక్టు కింద, గడ్డిని ఖాయం చేసిన ఆ సంస్థ చేయూతతోనే, అనంతపురంతో సహా ఏడు జిల్లాల రైతులు వర్షమాపకంలో వాన, బోరులో నీటిమట్టం తామే కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు. వాళ్ల లెక్కలో దశాంశాలు తక్కువే. కానీ ఆ లెక్క చూసి వరి తగ్గించుకున్న ఊళ్లున్నాయి. ఏ పంట వేయాలో తేల్చలేని నీటి లెక్క ఎన్ని పేజీలున్నా చిత్తుకాగితమే. అయ్యా, గడ్డిని లాన్‌కు వదిలేసి, ముందు బోరులో తాడు దించండి.