టేపు బావ

“టేపు చదవడం లేదండీ” అని ఎవరైనా అన్నారా, మా బావ కంచం ముందునుంచైనా లేచిపోతాడు. అక్క పిలిస్తే మాత్రం మూడో కేకకీ పలకడు. విజయనగరంలో ఒక ఆఫీసు కంప్యూటర్ సెక్షన్లో చేసి రిటైరయ్యాడు గానీ, సమాచారం దాచే ఆ టేపులింకా ఆయన్ని రిలీవ్ చెయ్యలేదు.

వెళ్లగానే టేపు ముట్టుకోడు. డ్రైవు ముందు బాసింపట్టు వేసుక్కూచుని విచారణ మొదలెడతాడు. “దీన్ని రాసిన మిషనేటి? యూనిక్సా, విండోసా? కంప్రెషన్ పెట్టేరా? బ్లాకు సైజెంత?” తెలీదంటే మరీ సంబరం. టేపు మీద ఫైళ్లు రాసే ‘టార్’ ప్రోగ్రాము మామూలుగా 512 బైట్లవి 20 కలిపి 10,240 చొప్పున రాస్తుందనీ, అంతకన్నా పెద్ద బ్లాకులు రాసుంటే చదివేటప్పుడూ ఆ సైజే చెప్పాలనీ పాఠం అందుకుంటాడు. ఈలోగా ఇచ్చిన టీ తొరక కడుతుంది.

కొన్ని పాత మిషన్లు బైట్లను జంటలు జంటలుగా తారుమారు చేసి రాసేవి. అది చెప్పడానికి శుభలేఖ వెనక ‘విజయనగరం’ అని రాసి, కింద ‘జవినయరంగ’ అని రాశాడు. “సూసేవా? ఊరు అదే, సదివేవోడికి దారి తెలీదు. ‘డీడీ’ కమాండుకి ‘స్వాబ్’ అని సెప్తే మళ్లీ దార్లో పడతాది.” నిజం చెప్పొద్దూ, అంత బాగా నాకెవరూ చెప్పలేదు.

అక్కడితో ఆగితే బావ ఎందుకవుతాడు? రాజాంలో పెళ్లిచూపులకు తీసుకెళ్లాం. పెద్దలు జాతకాలు కలుపుతుంటే మధ్యలో దూరాడు: “ఎల్టీఓ టేపు డ్రైవులు ఏడో తరం దాకా రెండు తరాల వెనకటివి సదివీవి, ఒక తరం వెనకటిదాని మీద రాసీవి. ఎనిమిదో తరంతో ఆ మర్యాద పోయింది. ఆరోదాన్ని గుర్తే పట్టదు.” పెళ్లికొడుకు తాతగారు తననే అన్నాడనుకుని లడ్డూ పక్కన పెట్టేశారు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస మీద పడ్డప్పుడు బావ అక్కడే ఉన్నాడు. ఇంట్లో అందరూ కొవ్వొత్తులు వెతుక్కుంటుంటే, ఈయన చెమ్మ తగలకూడదని టేపుల పెట్టెని పరుపు మీద పడుకోబెట్టాడు. అక్క నేల మీద పడుకుంది.

ఆమధ్య ఒక టేపు ఎలాగో చదివించాడు. 1998 నాటి జీతాల పట్టీ. అందులో వాళ్లంతా పెన్షనర్లే. “ఇది ఎవరిక్కావాలి బావా?” అన్నాను.

“సదివింది కదరా! ఇంకేటి కావాల?”

ఇప్పుడు డీడీఎస్-2 అనే పాతరకం టేపొకటి దొరికింది. అదే జాతిలో తర్వాత వచ్చిన డాట్-72 డ్రైవు డీడీఎస్-3 కన్నా పాతవాటిని చదవదు. కాబట్టి మీ అటక మీద దాన్ని చదవగల డీడీఎస్-4 డ్రైవేదైనా పడుంటే పాతసామాన్ల వాడికి వేసెయ్యకండి. కబురు పెట్టండి, బస్సెక్కి ఆయనే వచ్చేస్తాడు. భోజనం మాత్రం డ్రైవు చూపించకముందే పెట్టెయ్యండి.