అనుమతి పత్రం

ధర్మశాల ప్రయాణానికి ముందు మా పెద్దమ్మ కీసర దాటి దూరం పోవడమంటే యాదగిరిగుట్ట, వేములవాడ, ఒకసారి తిరుపతి. ధర్మశాల దగ్గరి కొండల్లో ఉన్న టిబెటన్ సన్యాసినుల మఠం గురించి రాసే పని నాకు పడింది. తోడుగా ఆమెను రమ్మన్నాను. ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి, ఇంట్లో ఆమెను ఆపే పని ఏదీ లేదు. వెంటనే సంచి సర్దుకుంది.

మేం చేరిన సాయంత్రం మఠం ముంగిట తర్కం నడుస్తోంది. ఒకరు నేల మీద కూర్చుంటారు, ఇంకొకరు ఎదురుగా నిలబడి ప్రశ్న వేస్తారు. ప్రశ్న ముగిసిన క్షణాన కాలు నేలకు తాటించి, రెండు అరచేతులూ ఫట్‌మని చరుస్తారు. జవాబు తడబడితే చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా అరుస్తారు. ముంగిలి నిండా గుండు చేయించుకున్న ఆడపిల్లలు, ముదురు ఎరుపు బట్టలు, వెనక ధౌలాధార్ మంచు కొండలు. వందల ఏళ్లపాటు ఈ తర్కమూ, దాని చివర వచ్చే 'గెషె' పట్టమూ మగవాళ్లవే. 2016లో కర్ణాటకలోని ముండ్‌గోడ్‌లో 20 మంది సన్యాసినులు దలైలామా చేతుల మీదుగా 'గెషెమా' పట్టం అందుకున్నారు. దాని వెనక కనీసం 17 ఏళ్ల చదువు, ఆపైన నాలుగేళ్ల పరీక్షలు ఉంటాయి. ఈ సంగతులు నేను పుస్తకంలో రాసుకుంటుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.

"ఆడోళ్లు గింత గట్టిగ మాట్లాడుతుంటె ఎవ్వరు ఊకోమంటలేరా?"

రాత్రి భోజనాల దగ్గర ఆమె తన హైదరాబాదీ హిందీలో ఒక పెద్ద సన్యాసినిని అడిగిన మొదటి ప్రశ్న, ఇక్కడ వంట ఎవరు చేస్తారని. వంతులవారీగా అందరమూ చేస్తామని ఆమె చెప్పింది. పెద్దమ్మ చాలాసేపు తినడం మానేసి వంటగది వైపే చూసింది. మా పెద్దనాయన ఒక తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్లిపోయినప్పుడు ఆమెకు 38 ఏళ్లు. కుషాయిగూడలో బట్టలు కుట్టింది, పిల్లలను చదివించింది, పక్షవాతంతో మంచాన పడిన అత్తకు తొమ్మిదేళ్లు ఎత్తిపోసింది. ఆ ఇంట్లో వంతు అన్నది ఎన్నడూ లేదు.

ఎక్కడి నుంచి వచ్చారని సన్యాసిని అడిగింది. కీసర అంటే తెలియలేదు. అమరావతి ఉన్న తెలుగునేల అని నేను చెప్పగానే లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. వాళ్లకది ధాన్యకటకం, బుద్ధుడు కాలచక్రం బోధించాడని వాళ్లు నమ్మే చోటు. 2006లో దలైలామా అక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు ఈమె కూడా వచ్చిందట. అమరావతి స్తూపానికి పలకలు చేయించిన దాతల్లో భిక్షుణులు ఉన్నారని, రెండు వేల ఏళ్ల కిందటి వాళ్ల పేర్లు ఇంకా ఆ రాళ్ల మీదే ఉన్నాయని నేను చెప్పాను. మా కీసరగుట్ట మీద ఇటుక కట్టడాలు బయటపడిన విష్ణుకుండినుల సంగతీ చెప్పాను. ఆ వంశపు గోవిందవర్మ రాణి పరమభట్టారికా మహాదేవి ఇంద్రపాలనగరంలో బౌద్ధ విహారం కట్టించింది. ఆ విహారానికి రాజు ఊళ్లు దానమిచ్చిన రాగిరేకులు తుమ్మలగూడెంలో దొరికాయి. శివరాత్రి జాతరకు ఏటా గుట్ట ఎక్కే పెద్దమ్మకు ఇదంతా కొత్త. "మనదిక్కు గూడ ఉండెనన్నట్టు" అంది. ఆ మాటలో ఒక హక్కు దొరికిన ధైర్యం వినిపించింది నాకు.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ ఆ సన్యాసిని ముందు కూర్చుని, నన్ను ఉంచుకుంటారా అని అడిగేసింది.

సన్యాసిని నవ్వలేదు, కాదనలేదు. ఈ వయసులో పెద్ద చదువు కుదరదు గానీ తొలి దీక్షకు అడ్డం లేదని చెప్పింది. ఒక్క షరతు, ఇంటివాళ్ల అనుమతి పత్రం కావాలి. భర్త ఉంటే భర్తది.

ఈ షరతు ఆ మఠం పెట్టుకున్నది కాదు. బౌద్ధ సంఘ నియమాల గ్రంథం వినయపిటకంలోనే ఉంది. దీక్షకు వచ్చిన మగవాణ్ని తల్లిదండ్రులు ఒప్పుకున్నారా అని అడుగుతారు. అదీ ఎందుకంటే, బుద్ధుడి కొడుకు రాహులుడికి దీక్ష ఇచ్చేశాక తాత శుద్ధోదనుడు తన కడుపుకోత చెప్పుకుని, ఇకమీద తల్లిదండ్రులు ఒప్పుకోకుండా ఏ బిడ్డనూ తీసుకోవద్దని కోరాడు, బుద్ధుడు సరేనన్నాడు. ఆడమనిషినైతే భర్త ఒప్పుకున్నాడా అని కూడా అడుగుతారు. మగవాణ్ని భార్య సంగతి అడగరు. బుద్ధుణ్ని పెంచిన తల్లి మహాప్రజాపతి గౌతమి అంతటి ఆమే, కపిలవస్తు నుంచి వైశాలి దాకా నడిచి, వాచిన కాళ్లతో, దుమ్ము కొట్టుకుపోయి గుమ్మం బయట నిలబడి ఏడిస్తే, శిష్యుడు ఆనందుడు కల్పించుకుంటే గానీ ఆడవాళ్లకు దీక్ష దొరకలేదు. దొరికాక కూడా దీక్ష పొంది నూరేళ్లయిన భిక్షుణి సైతం ఆ రోజే చేరిన భిక్షువుకు లేచి మొక్కాలన్నారు. బౌద్ధం మీద నాకున్న గౌరవం చిన్నది కాదు. అందుకే ఈ చోట మనసు ఎక్కువగా నొచ్చుకుంటుంది.

"నా మొగుడు గూడ మీ తీర్గనే అయిండమ్మా," అంది పెద్దమ్మ.

నిజమే. ఇల్లు వదిలిన కొన్నేళ్లకు పెద్దనాయన దక్షిణాదిన ఒక మఠంలో భిక్షువై, పేరు మార్చుకుని ఉన్నాడని ఎవరో చూసి వచ్చి చెప్పారు. ఈ మాట వినగానే సన్యాసిని ముఖం విప్పారింది. భిక్షువైతే ఇంకేం, అందరికంటే ముందు సంతోషించేది ఆయనే అంది. అక్కడికక్కడే తమ మఠం ముద్ర వేసిన కాగితం మీద ఉత్తరం రాసి పంపించింది. పెద్దమ్మ మేం అక్కడున్న మిగతా రెండు రోజులూ వంటగదిలో వంతు అడిగి తీసుకుంది.

జవాబు ముందు ధర్మశాలకు చేరి, దాని నకలు కీసరకు వచ్చింది. హిందీలో ఉంది. పెద్దమ్మ చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది, నేను తెలుగు చేస్తూ చదివాను. మొదటి సగమంతా అనిత్యం గురించి, తెంచుకోవలసిన బంధాల గురించి. అక్షరాలు ఎంతో అందంగా ఉన్నాయి. ఆ తర్వాత అసలు సంగతి రాశాడు.

'ఈ ఉపాసిక మనసు ధర్మం వైపు తిరగడం సంతోషం. అయితే కీసర ఇంట్లో వృద్ధురాలైన నా తల్లి ఉంది. ఆమెకు ఈ ఉపాసిక తప్ప వేరే దిక్కు లేదు. తల్లిసేవను మించిన పుణ్యం లేదని బుద్ధ భగవానుడు చెప్పాడు. కనుక నేను అనుమతి ఇవ్వలేను.'

పెద్దమ్మ ఒక్క మాట కూడా అనకుండా లోపలికి వెళ్లి, బీరువాలోంచి ఒక పాత రిజిస్టర్ కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. అత్త చనిపోయిందని, కొడుకు కోసం రెండు రోజులు ఐసు పెట్టెలో ఉంచి చివరికి తానే కొరివి పెట్టానని, కనీసం పెద్దకర్మకైనా రమ్మని నాలుగేళ్ల కిందట ఆమె అదే మఠానికి, అదే పేరు మీద పంపిన ఉత్తరం అది. కవరు విప్పలేదు. పైన పోస్టుమాన్ రాత: 'సన్యాసం పుచ్చుకున్నందున ఇంటి ఉత్తరాలు తీసుకోనన్నారు. తిరిగి పంపడమైనది.'