65,536వ వరుస దాటితే ఆరోగ్యమే!

2020 అక్టోబరు 5, సోమవారం నాడు అప్పటి బ్రిటన్ ఆరోగ్య మంత్రి మ్యాట్ హాంకాక్ పార్లమెంటులో ఇచ్చిన వివరణ విన్నాక, కరోనా టీకా కోసం ఆక్స్‌ఫర్డ్‌లో రాత్రింబవళ్లు కష్టపడుతున్న శాస్త్రవేత్తల మీద జాలి కలిగింది. మందు నాటి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ కంప్యూటర్లోనే ఉందని పాపం వాళ్లకు తెలీలేదు. దాని పేరు ఎక్సెల్. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 మంది రోగులను అది లెక్కల్లో లేకుండా చేసింది. సూది లేదు, మాత్ర లేదు, పథ్యం అసలే లేదు. మంత్రిగారేమో అదంతా పాత సిస్టమ్‌తో వచ్చిన తంటా అని, దాన్ని మార్చాలని ముందే నిర్ణయించామని తేల్చేశారు. ఇంతటి వైద్య విప్లవానికి అదా మర్యాద?

చికిత్స విధానం చాలా సులువు. ప్రైవేటు ల్యాబులు పాజిటివ్ ఫలితాలను సీఎస్‌వీ ఫైళ్లలో పంపేవి. ఆ ఫైలుకు వరుసల హద్దంటూ ఏమీ ఉండదు. వాటిని తెచ్చి ఎక్సెల్‌లోని పాతకాలపు ఎక్స్‌ఎల్‌ఎస్ పట్టికలో పోసేవారు. అందులో పట్టేది 65,536 వరుసలే. ఒక్కో కేసు కొన్నేసి వరుసలు తింటుంది కనుక, పట్టికకు సుమారు 1,400 మందితో సరి. ఆ తర్వాత వచ్చినవాళ్లకు జబ్బు లేనట్టే. విస్తళ్లు అయిపోయాయి కాబట్టి పందిరి బయట నిలబడ్డవాళ్లకు ఆకలి లేదని తేల్చే పెళ్లివారి లెక్క ఇది. ఇంకా గట్టి డోసు కావాలంటే 1995 నాటి ఎక్సెల్ ఉంది, అందులో వరుసలు 16,384 మాత్రమే. బలపం, పలక పట్టుకుంటే మహమ్మారి సాయంత్రానికల్లా సమాప్తం. చిక్కల్లా ఎవరో ఆ ఫైలు తెరిచి చూడటంతోనే వచ్చింది. జబ్బు తిరగబెట్టి, ఆదివారం ఒక్కరోజే 22,961 కొత్త కేసులు ప్రకటించాల్సి వచ్చింది.

రోగులకు ఫలితం సకాలంలోనే చేరింది కదా, ఇంత రాద్ధాంతం ఎందుకని సమర్థకులు అడిగారు. నిజమే, చేరింది. కానీ ఆ రోగి ఎవరి పక్కన కూర్చున్నాడో, ఎవరితో కలిసి తిన్నాడో ఆరా తీసి వాళ్లను ఇంట్లో ఉండమని చెప్పే సిబ్బందికి అతని పేరే అందలేదు. పరీక్షలు పెట్టిందే అందుకు. పొరపాటు యంత్రానిది, మనిషిది కాదన్నది మరో వాదన. 2007 నుంచీ ఎక్సెల్లో 10,48,576 వరుసలున్నాయి. పాత పట్టికను ఎంచుకున్నది మనిషే. పోనీ, ఏ పట్టికైనా ఏదో ఒక రోజు నిండుతుందనుకుందాం. ల్యాబు నుంచి ఎన్ని కేసులు వచ్చాయి, పట్టికలోకి ఎన్ని ఎక్కాయి అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసేందుకు కొత్త సిస్టమ్ అక్కర్లేదు. కిరాణా కొట్టు గుమస్తా రోజూ చేసే పనే అది.

ఆ పని ఎనిమిది రోజులు ఎవరూ చేయలేదు. ప్రపంచాన్నే తలదన్నే వ్యవస్థ అని అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ మే నెలలో చాటిన యంత్రాంగమిది. టెస్ట్ అండ్ ట్రేస్ అనే ఈ పరీక్షలు, ఆరాల కార్యక్రమం కోసం జులైలో కేటాయించింది వెయ్యి కోట్ల పౌండ్లు. అంత డబ్బులో ఒక మొత్తాన్ని సరిచూసే నాథుడు దొరకలేదంటే అది సాంకేతిక లోపం కాదు, మనుషుల ప్రాణాలంటే లెక్కలేనితనం. మంత్రి మాట్లాడేనాటికి కూడా ఆ రోగుల్లో సుమారు సగం మందినే సిబ్బంది మళ్లీ పలకరించగలిగారు. ఈలోగా తమకు ప్రమాదముందని తెలియని వేలాదిమంది బస్సులెక్కారు, పనులకు వెళ్లారు, ముసలి తల్లిదండ్రుల ఇళ్లకు వెళ్లారు. వాళ్లకు వెళ్లాల్సిన ఫోను వెళ్లలేదు. ఆ ఫోను రాకపోవడం వల్ల ఎవరైనా చనిపోతే, మరణ ధ్రువపత్రంలో ఎక్సెల్ పేరు రాసి చేతులు దులుపుకుంటే కుదరదు. పాత సాఫ్ట్‌వేర్‌ను కాదు, దానితో సరిపెట్టినవాళ్లను బోనెక్కించాలి.