డల్లాస్ దూరం కొలిచే తిరుగులేని పద్ధతులు

శంషాబాద్‌లో విమానం ఎక్కితే డల్లాస్ ఎంత దూరమో ఠక్కున చెప్పలేకపోతున్నారా? వీధిలో సగం ఇళ్ల పిల్లలు అక్కడే ఉండగా అది నామోషీ. ముందు గోడకున్న ప్రపంచ పటం దింపండి. 1569లో మెర్కేటర్ నావికుల కోసం గీసిన పద్ధతిలోదైతే మరీ మంచిది. ఓడకు పనికొచ్చింది విమానానికి పనికిరాదా? స్కేలు పెట్టి తిన్నగా గీత గీయండి. అరేబియా, సహారా, అట్లాంటిక్ మీదుగా ఆ గీత వదలకుండా పోతే సుమారు 17,700 కిలోమీటర్లు.

గ్లోబు జోలికి మాత్రం పోకండి. దాని మీద దారం బిగించి పట్టుకుంటే అది రష్యా మీదుగా పైకెక్కి, ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దాపున పోయి, కెనడాలో దిగి, 14,400 దగ్గరే తేలిపోతుంది. మూడు వేలకు పైగా కిలోమీటర్లు మింగేసే దారాన్ని నమ్మడమేమిటి?

ఎలాగూ నేరుగా విమానం లేదు, దోహాలో మారాలి. హైదరాబాద్ నుంచి దోహా 2,900, అక్కడి నుంచి డల్లాస్ 12,750, మొత్తం 15,650. మన గోడ గీత కన్నా రెండు వేలు తక్కువ! ఒక్కచోట దిగితేనే ఇంత కలిసొచ్చింది కదా, నాలుగుచోట్ల దిగే టికెట్ కొనండి, దూరం సగానికి పడిపోతుంది. దారిలో సీటు ముందు తెర మీద విమానం గ్రీన్‌లాండ్ దగ్గర కనబడితే పైలట్ దారి తప్పినట్టే. మర్యాదగా ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచి చెప్పండి, పాపం వాళ్లకు తెలియకపోవచ్చు.

తొందరపనైతే దూరపు దారే ఎంచుకోండి. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మాని పసిఫిక్ మీదుగా నడిపింది. దాదాపు 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి, ఇంచుమించు రెండు గంటల ముందే చేరింది. వెనక నుంచి తోసే గాలి పుణ్యమని వాళ్లంటారు. గాలి కబుర్లు!

అంకెను వినేవాళ్లను బట్టి మార్చుకోండి. వీసా రాని బావమరిదికి కిలోమీటర్లలో చెప్పండి, 14,400 ఘనంగా ఉంటుంది. కళ్లొత్తుకుంటున్న తల్లికి నాటికల్ మైళ్లలో చెప్పండి, 7,800కు దిగుతుంది. ఒక్కోటి 1.852 కిలోమీటర్లని ఆవిడకు చెప్పాల్సిన పని లేదు.

అన్నిటికన్నా నికరమైనది చేతి గడియారం లెక్క. జనవరిలో తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, మజిలీతో కలిపి 22 గంటలు ప్రయాణించినా, డల్లాస్‌లో దిగేసరికి అదే రోజు మధ్యాహ్నం రెండున్నర. అంటే పదిన్నర గంటల దూరమే. తిరుగు ప్రయాణంలో అదే 22 గంటలకు గడియారం ముప్పై మూడున్నర చూపిస్తుంది. కాబట్టి డల్లాస్ నుంచి హైదరాబాద్ మూడింతలు దూరం. సంక్రాంతికి ఎందుకు రాలేదని పిల్లల్ని నిలదీసే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.