పెళ్ళిపందిరి మీటర్లు

మా మనవడు పాత పద్మినీ కారుకి కొత్త మీటర్ల పలక తెప్పించాడు. ఆయిలుకొకటి, వేడికొకటి, వోల్టులకొకటి. వెనక నీలం లైట్లు. వాటికోసం నలభై ఏళ్ళ డాష్‌బోర్డుకి 52 మిల్లీమీటర్ల చిల్లులు మూడు కొట్టించాడు. "ఎలా ఉంది తాతయ్యా?" అన్నాడు. పెళ్ళిపందిరిలా ఉందన్నాను. మెచ్చుకున్నానని మురిసిపోయాడు.

మా రోజుల్లో దాన్ని పద్మినీ అని ఎవరన్నారు? ఫియట్టే. 1089 సీసీ ఇంజను, స్టీరింగు కిందే గేరు. ఆయిలు ప్రెషరు సంగతి చెప్పడానికి ఒక ఎర్రదీపం, అంతే. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, ప్రెషరంతా పోయాక వెలిగేది.

అందుకే 1986లో ఆయిలు మీటరు పెట్టించాను. డాష్‌బోర్డు మీద డ్రిల్లు పడనిచ్చానా? కింద ఇనపరేకు వంచి బిగించాం. మేస్త్రి ఎర్రదీపం స్విచ్చి ఊడదీసి, ఆ చోట ఇత్తడి టీ పెట్టాడు. ఓ వైపు మళ్ళీ స్విచ్చి, రెండోవైపు సన్నటి రాగి గొట్టం. ఇంజను ఊపుకి విరగకుండా గొట్టాన్ని మధ్యలో రెండు చుట్లు తిప్పాడు. రేకులోంచి దూర్చేచోట కోసుకుపోకుండా రబ్బరు బుష్ వేశాడు. ఇంజను ఆయిలు నేరుగా మీటరు వెనక్కే వచ్చేది. ఓసారి నట్టు వదులై నా తెల్లపంచె మీదకి కూడా వచ్చిందనుకోండి. మా ఆవిడ ఆ పంచె సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు. అయినా ముల్లు మాత్రం ఏనాడూ అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు ఆయిలు రాదు, వైరొస్తుంది. సరే, శుభ్రమే. కానీ ఆ కుర్ర మేస్త్రి ఆయిలు కారకూడదని సెండరు మరలకి టెఫ్లాన్ టేపు దిట్టంగా చుట్టాడు, కుళాయి బిగించినట్టు! ఒంటివైరు సెండరుకి ఇంజనే ఎర్తు. ఆ ఎర్తుకే అడ్డం పెట్టాడు. ముల్లు ఓసారి లేస్తుంది, ఓసారి పడుకుంటుంది. "మీటరే డిఫెక్టు సార్, రిటన్ పెట్టేయండి" అన్నాడు. టేపు పీకించాను. ముల్లు బుద్ధిగా నిలబడింది. ఇంజను వేడెక్కాక ఐడిలింగులో కాస్త దిగింది. మా మనవడు కంగారుపడ్డాడు. చన్నీళ్ళ స్నానంలో బిగుసుకున్న మనిషి వేన్నీళ్ళకి వదులవడూ? ఆయిలూ అంతే. పలకతోపాటు ఆ ముక్క ఎవరూ పార్సిల్ చేయరు.

వోల్టు మీటరు విషయంలో మాత్రం నేనేమీ అనను. మా కాలపు ఆంపియర్ మీటరుకి స్టార్టరు తప్ప బండి కరెంటంతా లావు వైర్లో లోపలికొచ్చి పోవాలి; నట్టు వదులైతే వైరు కాలేది. దీనికి ఫ్యూజున్న సన్నవైరు చాలు. బండి ఆపితే 12.6, నడుస్తుంటే 14 దగ్గర. మంచి మార్పే. ఈ మాట వాడికి చెప్పకండి.

సాయంత్రం బందరు రోడ్డు మీద తిప్పుతానన్నాడు. సిగ్నలు దగ్గర ఇరుక్కుపోయాం. వేడి ముల్లు మెల్లగా పైకెక్కుతోంది. వాడి కళ్ళు ఫోన్లో మ్యాపు మీద. దగ్గాను. పలకలేదు. మళ్ళీ దగ్గాను.

"నీళ్ళు కావాలా తాతయ్యా?"

"నాక్కాదురా, రేడియేటరుకి!"