పెట్టెలున్నాయి, పక్కింటివాళ్ళేరీ?

చేతిలో ఉన్న ఆ ఫోను పక్కన పెట్టి రెండు నిమిషాలు వింటావా నాయనా? వినవు. పోనీ, ఫోన్లోనే చదువు, నాకేం పోయింది. నేను చెప్పబోయేది నీ ఫోను ముత్తాతల సంగతే. వాళ్ళకి కాళ్ళుండేవి, తలుపులుండేవి, కొందరికి తాళం కూడా ఉండేది. నీ ఫోనుకేముంది, గీక్కోడానికి ఇంత గాజు ముక్క.

అమెరికాలో మా అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు జరిగిందిది. మామూలుగా ఇక్కడినుంచి వెళ్ళిన పెద్దవాళ్ళని నయాగరాకి, గుడికి, కాస్కోకి తిప్పి తీసుకొచ్చేస్తే పిల్లల బాధ్యత తీరిపోతుంది. మా మనవడు ఒక అడుగు ముందుకేశాడు. ఒహాయో రాష్ట్రంలో కొలంబస్‌ని ఆనుకుని హిల్లియర్డ్ అనే ఊరుంది. అక్కడ ఎర్లీ టెలివిజన్ మ్యూజియం అని, అచ్చంగా పాత టీవీల కోసమే ఒక మ్యూజియం ఉంది. "తాతయ్యా, నీ కాలం నాటివి చూద్దువు గాని రా" అన్నాడు. నా కాలం నాటివట! అందులో చాలావాటికి నేను పుట్టకముందే పళ్ళూడిపోయాయి. వాడి లెక్కలో నలుపు-తెలుపులో ఉన్నదల్లా నా కాలమే. నేనూ, విక్టోరియా రాణీ ఒకే క్లాసులో చదువుకున్నామని వాడి అభిప్రాయం.

అయినా వెళ్ళాను. వెళ్ళి, ఒప్పుకోకూడదు గాని, నోరు తెరుచుకుని చూశాను.

ముందు గోడవారనే బెయిర్డుగారి యంత్రం. ఈ జాన్ లోగీ బెయిర్డ్ స్కాట్లాండ్ ఆయన. 1926 జనవరిలో లండన్‌లో పెద్దమనుషుల్ని పిలిచి, మనిషి మొహాన్ని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పంపించి చూపించాడు. తరవాత ఇళ్ళల్లో పెట్టుకోడానికి టెలివైజర్ అని అమ్మాడు. దాన్లో పిక్చర్ ట్యూబు లేదు, ఏమీ లేదు. గుండ్రటి రేకు, దాని అంచున చుట్టు తిరుగుతూ 30 బెజ్జాలు. వెనక నియాన్ దీపం వెలుగుతూ తగ్గుతూ ఉంటుంది, ముందు రేకు గిర్రున తిరుగుతుంది, ఒక్కో బెజ్జం ఒక్కో గీత గీస్తుంది. 30 గీతలకి ఒక మనిషి! అదీ నారింజ రంగు మనిషి, రెండు మూడు వేళ్ళ వెడల్పున. ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క వేరే ఉంది. 1929లో బీబీసీ ట్రాన్స్‌మిటర్ మీద ఈ ప్రసారాలు మొదలైనప్పుడు బొమ్మనీ మాటనీ కలిపి పంపే వీల్లేదు. కాసేపు బొమ్మ, కాసేపు మాట. మనిషి కనపడి పెదాలాడించి వెళ్ళిపోయేవాడు, తీరిగ్గా తరవాత గొంతు వచ్చేది. 1930 మార్చి ఆఖరుకి గాని రెండూ కలవలేదు. మా ఇంట్లో ఇప్పటికీ పాత పద్ధతే, మా ఆవిడ ముందు చూస్తుంది, మాట తరవాత వస్తుంది.

నీకిప్పుడు ఒక్క క్షణం బొమ్మ ఆగితే ప్రాణం పోతుంది. తెర మీద ఆ సున్నా తిరుగుతుంటే రౌటర్ని తిడతావు, కంపెనీని తిడతావు, ఎదురుగా ఉన్నందుకు నన్నూ తిడతావు. ఆ నారింజ మనిషి కోసం చీకట్లో కూచున్నవాళ్ళు ఎంత ఓపికమంతులో!

అక్కణ్ణుంచి ముందుకెడితే 1939లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో ఆర్‌సీఏ కంపెనీ చూపించిన టీఆర్‌కే-12 అనే బీరువా. బీరువా అనే అంటాను. మేలైన కర్ర, మంచి పాలిష్. పిక్చర్ ట్యూబు మరీ పొడుగు, పడుకోబెడితే గది సగం ఆక్రమిస్తుంది, అందుకని నిలబెట్టేశారు. బొమ్మ పైకప్పు వైపు చూస్తూ ఉంటుంది. దాన్ని మూతలో బిగించిన అద్దంలో మనం చూడాలి. ధర 600 డాలర్లు, ఆ రోజుల్లో కాస్త అటూ ఇటూగా కొత్త కారు వచ్చే డబ్బు. ఆ పక్కనే యుద్ధం ముందరి ఇంగ్లీషు టీవీలు. 1936 నవంబరులో బీబీసీ వాళ్ళు అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి ప్రసారాలు మొదలుపెట్టి, 1939 సెప్టెంబరు 1న యుద్ధం కోసం కట్టేసి, మళ్ళీ 1946 జూన్‌లో తెరిచారు. ఏడేళ్ళు! కొన్నవాళ్ళు దాని మీద పూలకుండీ పెట్టుకుని ఎదురుచూసి ఉంటారు. నువ్వు ఏడు నిమిషాలు నెట్ లేకుండా ఉండి చూపించు, నా పింఛను నీకు రాసిస్తాను.

ఇంకో మూల చిన్న తెరల టీవీలు, వాటి ముందు తగిలించే పెద్ద భూతద్దాలు. లోపల నూనె నింపుతారట. అవి చూడగానే నాకు నవ్వాగలేదు. మన దగ్గర నలుపు-తెలుపు టీవీల ముందు రంగుల ప్లాస్టిక్ కాగితం తగిలించేవాళ్ళం కదా, పైన నీలం, మధ్య గులాబి, కింద ఆకుపచ్చ. వార్తలు చదివే ఆవిడ నుదురు నీలంగా, గడ్డం పచ్చగా ఉండేది. అయినా ఊరంతా మాది కలర్ టీవీ అని చెప్పుకున్నాం. అమెరికా వాడైనా అమలాపురం వాడైనా టీవీ కొన్న మర్నాటి నుంచే దాని ముందు ఏదో ఒకటి తగిలిస్తాడన్నమాట. అసలు సిసలు రంగుల పెట్టె కూడా ఉందక్కడ, 1954 నాటి ఆర్‌సీఏ సీటీ-100. వెయ్యి డాలర్లు పెట్టి ఎగబడి కొన్నవాళ్ళు కొద్ది నెలలకే అది 495కి దిగిందని తెలిసి ఏం మాట్లాడుకున్నారో పలక మీద రాయలేదు.

నా ఫిర్యాదు ఆ పలకలతోనే. పేరుంది, సంవత్సరముంది, ధరుంది. ఆ మ్యూజియం వాళ్ళని తప్పు పట్టను, చచ్చిన పెట్టెలకి ప్రాణం పోసి, కొన్నిట్లో ఈనాటికీ బొమ్మ ఆడిస్తున్నారు. మన దగ్గర టీవీకి జలుబు చేస్తే వచ్చిన కుర్రాడు స్క్రూడ్రైవరైనా తియ్యడు, "ప్యానెల్ పోయిందండీ, కొత్తది కొనుక్కోండి" అంటాడు. మా వీధి రేడియో మెకానిక్ అయితే వెనక అట్ట విప్పి, బల్లిగుడ్లు దులిపి, వాల్వుల్ని వేలితో తట్టి, ఒకదాన్ని పీకి చెవి దగ్గర ఆడించి, పెదవి విరిచేవాడు. జబ్బేమిటో మనకి చూపించేవాడు. తరవాత నెలరోజులు "రేపు రండి" అనేవాడు, అది వేరే సంగతి.

కానీ అంత శ్రమపడి వెలిగించిన టీవీ ముందు ఎవరున్నారు? నేనూ, మనవడూ, వాడి ఫోనూ. పెట్టె అనేది ఆ రోజుల్లో సగమే నాయనా. మిగతా సగం దాని ముందు కూచున్న పక్కింటివాళ్ళు. వాళ్ళని ఏ మ్యూజియం దాచింది?

ఆ టీఆర్‌కే-12లో రేడియో కూడా ఉంది. దాని ముల్లు చూసేసరికి నా మనసు హిల్లియర్డ్‌లో ఆగలేదు, కృష్ణా జిల్లా వచ్చేసింది. మా నాన్నగారు కొన్న మర్ఫీ రేడియో ముందుగదిలో, మనిషెత్తు అలమర మీద, మా అక్క కుట్టిన పువ్వుల గుడ్డ కప్పుకుని ఉండేది. వల ఏరియల్ ఒక గోడ నుంచి ఇంకో గోడకి. ఎర్తు తీగ పెరట్లో భూమిలోకి. ఆ తీగ దగ్గర నేల తడిగా ఉండాలని రోజూ చెంబుడు నీళ్ళు పొయ్యడం నా ఉద్యోగం. స్విచ్ వేస్తే వెంటనే పలికేది కాదు. వాల్వులు వేడెక్కాలి, లోపల ఎర్రగా వెలగాలి, ఆకుపచ్చ కన్ను విప్పాలి, అప్పుడు ఎక్కడో దూరం నుంచి గొంతు దగ్గరికి వచ్చేది. ఈ వైభోగానికి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టాలి. వినడానికి లైసెన్సు, ఆలోచించు! ఇవాళ మాట్లాడేవాళ్ళకే లేదు.

విజయవాడ స్టేషను 1948 డిసెంబరు 1న మొదలైంది. అటు హైదరాబాదులో నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. పొద్దున్నే భక్తిరంజనితో ఇల్లు లేచేది. ఢిల్లీ నుంచి పన్నాల సుబ్రహ్మణ్య భట్టు గారు వార్తలు చదివితే, చచ్చిపోయినవాడు కూడా పద్ధతిగా చచ్చిపోయాడనిపించేది. ఇప్పుడు వార్తలు చదువుతారా, కొట్టుకుంటారా? నలుగురు నాలుగు గళ్ళల్లో కూచుని ఒకేసారి అరుస్తుంటే, బీబీసీ వాడి పాత పద్ధతే నయం, కాసేపు బొమ్మ, కాసేపు మాట.

ఆ రోజుల్లో ప్రభుత్వానికి కూడా అభిరుచుండేది. 1952లో కేస్కర్ గారని మంత్రి వచ్చి, సినిమా పాటలు జాతిని పాడు చేస్తున్నాయని రేడియోలో వాటి నోరు నొక్కేశారు. జాతి ఏం చేసింది? ముల్లు జరిపి రేడియో సిలోన్ పెట్టుకుంది. చివరికి 1957 అక్టోబరులో మన వాళ్ళే వివిధ భారతి అని మొదలుపెట్టి పాటలు వెయ్యాల్సొచ్చింది. సిద్ధాంతానికి నేను ఇప్పటికీ కేస్కర్ గారి పక్షమే. చెవులు మాత్రం అప్పుడూ సిలోన్ పక్షమే. సిలోన్ అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు వినడం కోసం ఆ గరగరలో, కెరటం మీదికొచ్చి మళ్ళీ మునిగిపోయే ఆ పాటలో, సగం పల్లవి వాళ్ళు పాడితే సగం మేం పూరించుకునేవాళ్ళం. ఇప్పుడు పాట స్పష్టంగా వస్తోంది, పూరించుకోడానికేమీ లేదు. అదీ నష్టమే, రాసిపెట్టుకో.

రేడియో లేనివాళ్ళకి పంచాయతీ రేడియో. ఆఫీసు ముందు మైకు కట్టి సాయంత్రం పొలం కబుర్లు వినిపించేవారు. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారి రామాయణమో భారతమో మొదలైతే మా ముందుగది నిండి, అరుగు నిండి, వీధిలోకి జనం. అందరం రేడియో వైపే చూస్తూ వినేవాళ్ళం. చూడ్డానికేముందని అడగకు, గౌరవం.

టీవీ వచ్చేసరికి నాకు మీసాలు నెరవడం మొదలెట్టాయి. 1975లో సైట్ అని అమెరికా ఉపగ్రహం సాయంతో కర్నూలు, మెదక్ వైపు పల్లెలకి ఏడాది పాటు టీవీ చూపించారు. 1977లో హైదరాబాదు దూరదర్శన్. మాకు అంది వచ్చేసరికి ఎనభైలు. అప్పుడూ వీధికొకటే పెట్టె. ఒకడు డాబా మీద ఏరియల్ తిప్పుతుంటే, ఒకడు కిటికీలోంచి "వచ్చింది, వచ్చింది, పోయింది" అని అరిచేవాడు. 1987లో రామాయణం హిందీలో వస్తుంటే ఒక్క ముక్క రానివాళ్ళు కూడా దణ్ణాలు పెట్టారు. ఇప్పుడు మా ఇంట్లో మనిషికొక తెర. నలుగురం నాలుగు గదుల్లో నాలుగు రామాయణాలు.

ఇదంతా ఆ మ్యూజియం బయట బెంచీ మీద కూచుని మనవడికి చెబుతుంటే, పక్కనున్న మా ఆవిడ అందుకుంది. "మీరందరూ ముందుగదిలో కాళ్ళు చాపుకుని విన్నారు. ఆ జనానికి కాఫీలు కలుపుతూ మేం వంటింట్లోంచి గోడకి చెవి పెట్టి విన్నాం. కుక్కరు కూతేస్తే సీతమ్మ ఎక్కడుందో తెలిసేది కాదు. ఇప్పుడు కూర తరుక్కుంటూ అదే ఉషశ్రీ గారిని ఫోన్లో మొదలంటా వింటున్నా, కావలిస్తే ఆపి వింటున్నా. మీ పెట్టె మీరే మోసుకోండి" అంది. దీనికి జవాబు నా దగ్గర ఉంది. తరవాత చెబుతాను.

ఈలోగా నా ఆలోచన ఇది. బెజవాడలో మనమే ఒక మ్యూజియం పెట్టాలి. పెట్టెలు నాలుగైనా చాలు. చెప్పులు బయట విప్పి చాప మీద కూచోవాలి. ముందు వరసలో ఎవరో పిన్నిగారి పిల్లాడు లేచి నిలబడి తెరకి అడ్డం రావాలి. వంటింట్లో ఆవిడకి కూడా వినపడేలా గోడకి కిటికీ పెట్టిస్తాను, అది ఒక్కటే మార్పు. హనుమంతుడు సముద్రం దాటబోతుండగా కరెంటు పోవాలి. అది వచ్చేదాకా పక్కవాళ్ళతో మాట్లాడుకోవాలి, వేరే పని ఉండకూడదు. ఫోన్లు గుమ్మం దగ్గర తీసేసుకుంటారు.

మనవడు అంతా విని, "దీనికి టికెట్ ఎవరు కొంటారు తాతయ్యా?" అన్నాడు.

"నేను కొంటాను" అన్నాను. "పెద్దవాళ్ళకి రాయితీ ఉంటే. కింద కూచోలేను గనక కుర్చీ వేస్తే."