జెట్టీ మీది తప్పుడు సలహాలు

కొత్తగా మరబోటు కొన్నవాడికి జెట్టీ మీద సలహాలకు కొదవుండదు. తాబేళ్ల విషయంలో చెప్పేవి మాత్రం చాలావరకు వినకూడనివే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్‌కీ, విశాఖ, కళింగపట్నం తీరాలకీ గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ రోజుల్లోనే రొయ్యల వలల్లో చిక్కి, చచ్చి, అదే ఇసుక మీదికి కొట్టుకొస్తాయి.

"టెడ్ పెడితే రొయ్యంతా జారిపోద్ది. తనిఖీ అయ్యాక దాని నోరు కుట్టెయ్." అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే మాట ఇదే. టెడ్ అంటే ట్రాల్ వలలో చివరి సంచికి ముందు ఏటవాలుగా బిగించే కడ్డీల చట్రం. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలల కోసం తయారుచేసిన దాంట్లో కడ్డీల మధ్య సందు సుమారు 14 సెంటీమీటర్లు. రొయ్యలూ చిన్న చేపలూ ఆ సందుల్లోంచి సంచిలోకి పోతాయి. ముప్పై, నలభై కిలోల తాబేలు కడ్డీలకు తగిలి, పైకి జారి, అక్కడున్న కంతలోంచి బయటపడుతుంది. కంత మీద వలముక్క మూతలా వాలి ఉంటుంది. పెద్ద చేప ఒకటీ అరా పోవచ్చు గానీ రొయ్య పోయేది చాలా తక్కువ. కంత కుట్టేస్తే తాబేలు ఆ కడ్డీల దగ్గరే ఊపిరాడక చస్తుంది. తాబేళ్లకు రక్షణ చాలడం లేదనే అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది. చెరువు రొయ్యకు ఆ అడ్డు లేదు. దెబ్బ తగిలింది సముద్రం మీద బతికేవాళ్లకే. సలహా ఇచ్చినవాడు ఈ నష్టం మాట ఎత్తడు.

"రొయ్య ఒడ్డు పక్కనే ఉంది, అక్కడే లాగు." తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లకు చోటు లేదు, అది తెప్పలవాళ్లది. గుడ్లకొచ్చిన తాబేళ్లు తిరిగేదీ ఆ నీళ్లలోనే.

"వల ఎంతసేపు లాగితే అంత డీజిల్ మిగులు." తాబేలు మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. వలలో చిక్కి పైకి రాలేక గింజుకుంటే ఉన్న గాలి ఇంకా త్వరగా అయిపోతుంది. వల గంటలకొద్దీ నీళ్లలో ఉంటే బతికి బయటపడేవి తక్కువ.

ఇక నాకు ఒళ్లు మండేది ఈ సలహాకి: "కదలడం లేదంటే చచ్చినట్టే. కేసవుద్ది, తోసెయ్." 1972 వన్యప్రాణి చట్టంలో పులికున్న రక్షణే తాబేలుకీ ఉంది, ఆ భయం నిజమే. కానీ కదలని తాబేలు చాలాసార్లు స్పృహ తప్పిందే. అలాగే నీళ్లలో వేస్తే మునిగి చస్తుంది. దాన్ని బోర్లా పడుకోబెట్టి, వెనకభాగం జానెడు ఎత్తులో ఉండేలా కింద ఏదైనా పెట్టండి. ఊపిరితిత్తుల్లోని నీరు నోటి గుండా కారిపోతుంది. నీడలో ఉంచి, ముక్కు మీద పడకుండా తడిగుడ్డ కప్పండి. వెల్లకిలా తిప్పకండి, పొట్ట మీద నొక్కకండి. అప్పుడప్పుడు కనురెప్పనో తోకనో మెల్లగా తాకి చూడండి. తేరుకోవడానికి కొన్ని గంటలు పట్టొచ్చు, రోజంతా పట్టొచ్చు. బాగా కదులుతున్నప్పుడు, వల నీళ్లలో లేకుండా చూసుకుని, ఇంజన్ గేరు తప్పించి, బోటు వెనకవైపు నుంచి మెల్లగా దించండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. వలలు ఒడ్డునే ఉంటాయి, బాగుచేసే చేతులూ ఖాళీగా ఉంటాయి. యజమానులారా, సరంగులారా, టెడ్ లేని వలకు ఆ రోజుల్లోనే టెడ్ బిగించండి. కుట్టేసిన కంత ఉంటే ఆ కుట్లు విప్పించండి.